నిజాంసాగర్ ఒండ్రులో ఏ రిమోటు నిలబడుతుంది?

కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల పల్లెలకు రిమోట్ కారు చాలావరకు గల్ఫ్ దారిలోనే వచ్చింది. దుబాయిలోనో మస్కట్‌లోనో పనిచేసే బాపు, చిన్నాయన, మేనమామ సెలవు మీద ఇంటికి వస్తూ సబ్బులు, అత్తరు సీసాలు, చాక్లెట్ల మధ్య ఒక కారు డబ్బా కూడా సర్దుకొస్తారు. నిజాంసాగర్, బాన్సువాడ, పిట్లం చుట్టుపక్కల ఊళ్లలో ఎందరో పిల్లలు మొదట పట్టుకున్న రిమోటు అదే. ఆ కారు కొన్నాళ్లకు అటకెక్కుతుంది. మోజు మాత్రం కొందరికి పోదు. వాళ్లు పెద్దయి, సంపాదనలో పడ్డాక, సొంత డబ్బుతో హాబీ స్థాయి కారు కొంటారు. దానితో పాటు డబ్బాలో వచ్చిన రిమోటు ఏడాది తిరిగేసరికి చాలదు. చక్రం వదిలేసినా కారు ఒక పక్కకు లాగుతుంది. బ్రేకు ఎంత పడాలో చెప్పే వీలుండదు. రెండో కారు కొంటే రెండో రిమోటు చేతికొస్తుంది. ఇక్కడే అసలు ప్రశ్న పుడుతుంది: ఆరేడు వేల నుంచి ఇరవై వేల రూపాయల లోపు దొరికే ట్రాన్స్‌మిటర్లలో దేన్ని కొనాలి?

దుకాణాల వాళ్లు, వీడియోలు తీసేవాళ్లు దీనికి ఛానెళ్ల సంఖ్యతో, తెర సైజుతో, ఎన్ని వందల మీటర్లు అందుతుందన్న లెక్కతో జవాబు చెబుతారు. ఆ మూడూ చివర చూసుకోవలసినవని నా అభిప్రాయం. ఈ ధరలో ట్రాన్స్‌మిటర్ కొనేవాడు ఒక రిసీవర్ల కుటుంబంలో చేరుతున్నాడు. చేతిలో ఉండేది ఒక్కటే, కార్లలో కూర్చునేవి నాలుగైదు కావచ్చు. ఆ రిసీవర్ల ధర ఎంత, ఐదేళ్ల తర్వాత కూడా దొరుకుతాయా, సంకేతం తెగిన క్షణంలో అవి కారును ఏం చేస్తాయి అన్నవి ముందు తేల్చుకోవాలి. విడిభాగం కావాలంటే దాదాపు 145 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌కు పోవలసిన చోట ఈ లెక్క ఇంకా ముఖ్యం.

డబ్బు తీసే ముందు కారు పైడొప్ప విప్పి లోపల చూడండి. బొమ్మ స్థాయి కార్లలో రిసీవరు, మోటారు వేగాన్ని నడిపే సర్క్యూటు (ఈఎస్‌సీ) ఒకే బోర్డు మీద ఉంటాయి. స్టీరింగు తిప్పే సర్వోకు ఐదు తీగలుంటాయి. అలాంటి కారుకు ఎంత ఖరీదైన ట్రాన్స్‌మిటర్ కొన్నా జత కుదరదు, బోర్డు మొత్తం మార్చి కొత్త సర్వో, కొత్త ఈఎస్‌సీ వేసుకోవాల్సిందే. కొన్ని మధ్య రకం కార్లలో కూడా, వేగం గంటకు 50, 60 కిలోమీటర్లని రాసి ఉన్నా, లోపల ఇదే కథ. సర్వోకు మూడు తీగలుండి, ఈఎస్‌సీ నుంచి మరో మూడు తీగలు వచ్చి, రెండూ ఒక చిన్న పెట్టెకు గుచ్చి ఉంటే ఆ పెట్టే రిసీవరు. దాన్ని తీసి ఏ కంపెనీ రిసీవరైనా పెట్టుకోవచ్చు. ఆ మూడు తీగల భాష ప్రపంచమంతా ఒకటే: 1,000 నుంచి 2,000 మైక్రోసెకన్ల మధ్య ఒక విద్యుత్ స్పందన, 1,500 అంటే మధ్య. ట్రాన్స్‌మిటర్‌కూ రిసీవర్‌కూ మధ్య గాలిలో నడిచే భాష మాత్రం కంపెనీకొకటి. ఒక కంపెనీలోనే రెండు మూడు ఉంటాయి.

గాలిలో ఇన్ని భాషలు ఎందుకు పుట్టాయో తెలియాలంటే కాస్త వెనక్కి పోవాలి. తరంగంతో దూరం నుంచి పని చేయించడం మన దేశంలో పాత ముచ్చటే. జగదీశ్ చంద్ర బోస్ 1895లో కలకత్తాలో గోడల అవతల ఉన్న గంటను మోగించి చూపాడు. 1898లో నికోలా టెస్లా న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో తీగ లేకుండా చిన్న పడవను నడిపాడు. జపాన్ కంపెనీ టమియా 1976లో విద్యుత్ మోటారుతో నడిచే పోర్షె 934 కిట్ తెచ్చాక కార్ల సరదా మామూలు ఇళ్లకు చేరింది. అప్పట్లో కార్లకు 27 మెగాహెర్ట్జ్ పట్టీలో ఆరు క్రిస్టళ్లు, ఒక్కోదానికి ఒక్కో రంగు. ఒకే రంగు క్రిస్టల్ ఉన్న ఇద్దరు ఒకే మైదానంలో ఆడితే ఒకరి కారు రెండోవాళ్ల మాట వినేది. పొడవాటి తీగ యాంటెన్నా, మోటారు బ్రష్షుల నిప్పురవ్వలకు వణికే స్టీరింగు ఆ కాలపు గుర్తులు.

ఆ బాధ తీర్చింది 2.4 గిగాహెర్ట్జ్. ఒక పౌనఃపున్యాన్ని పట్టుకుని కూర్చోకుండా ట్రాన్స్‌మిటర్, రిసీవర్ రెండింటికే తెలిసిన వరుసలో సెకనుకు ఎన్నోసార్లు ఒకదాని నుంచి ఇంకోదానికి దూకుతుంటాయి. దూకుడు సూత్రం కొత్తది కాదు, హాలీవుడ్ నటి హెడీ లమార్, సంగీతకారుడు జార్జ్ ఆంథీల్ టార్పెడోల కోసం దీనికి 1942లోనే పేటెంటు పొందారు. 2000ల మొదటి సగంలో స్పెక్ట్రమ్ కంపెనీ 2.4 గిగాహెర్ట్జ్‌ను కార్ల పందేల్లోకి తెచ్చింది, కొద్ది ఏళ్లలో క్రిస్టళ్లు మాయమయ్యాయి. గాలిలో ఎలా మాట్లాడాలన్నది ఎవరికి వారు రాసుకున్నారు. ఫుటాబా వాళ్లది ఎఫ్‌హెచ్‌ఎస్‌ఎస్ వంశం, సాన్వా వాళ్లది ఎఫ్‌హెచ్5 వంశం, ఫ్లైస్కై వాళ్లది ఏఎఫ్‌హెచ్‌డీఎస్, స్పెక్ట్రమ్ వాళ్లది డీఎస్‌ఎమ్. ఒకరి రిసీవరు ఇంకొకరి ట్రాన్స్‌మిటర్‌కు పలకదు. రిసీవర్ల కుటుంబం అన్నది ఇందుకే.

మన చట్టం ఏమంటుందో చాలామంది అడగరు, అడగాలి. కేంద్ర ప్రభుత్వం 2005 జనవరిలో 2.4 నుంచి 2.4835 గిగాహెర్ట్జ్ వరకు తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు అవసరం లేదని నియమం తెచ్చింది. ట్రాన్స్‌మిటర్ శక్తి 1 వాట్, యాంటెన్నా బలంతో కలిపి 4 వాట్లు దాటకూడదు. కార్ల రిమోట్లు మామూలుగా దానిలో పదో వంతు శక్తితోనే పనిచేస్తాయి, కాబట్టి ఇంట్లో వైఫైలాగే దీన్ని నిశ్చింతగా వాడుకోవచ్చు. జాగ్రత్త పడాల్సింది ఎక్స్‌ప్రెస్‌ఎల్‌ఆర్‌ఎస్ అనే కొత్త విధానంలో. దానిలో 2.4 గిగాహెర్ట్జ్ రకం, 900 మెగాహెర్ట్జ్ రకం రెండూ అమ్ముతారు. అమెరికా కోసం చేసిన 915 రకం ఇక్కడ వాడకూడదు. మన దగ్గర ఆ పట్టీ స్వేచ్ఛా వాడకానికి లేదు, దాని కింది అంచున మొబైల్ ఫోన్లు నడుస్తాయి. భారత్‌లో వదిలిపెట్టింది 865 నుంచి 868 వరకే. కార్లకు ఈ తలనొప్పి అసలు అక్కర్లేదు, 2.4 చాలు. ఇంకో సంగతి: వాడకానికి లైసెన్సు అక్కర్లేకపోయినా, దిగుమతి చేసే రేడియో పరికరానికి ఈటీఏ అనే రకం ఆమోదం ఉండాలి. విదేశీ వెబ్‌సైటులో నేరుగా ఆర్డరు పెట్టిన పార్సిళ్లు కస్టమ్స్‌లో ఆగడానికి అదొక కారణం. నాలుగు రూపాయలు ఎక్కువైనా మన దేశంలోని హాబీ దుకాణం నుంచి బిల్లుతో కొనడమే మేలని నేను చెబుతాను.

ఇప్పుడు మన నేల సంగతి. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఇంజనీరుగా ఉన్న కాలంలో మంజీరా మీద కట్టిన నిజాంసాగర్ ప్రాజెక్టు 1931లో పూర్తయింది. మొదట్లో దాని సామర్థ్యం 29.7 టీఎంసీలు. నది మోసుకొచ్చిన ఒండ్రు పేరుకుని ఇప్పుడు లెక్కలో ఉన్నది 17.8 టీఎంసీలు. ఎండాకాలం నీరు వెనక్కి తగ్గాక బయటపడే చదునైన నేల ఆ ఒండ్రే. కారును పూర్తి వేగంతో వదలడానికి అంత విశాలమైన జాగా ఊళ్లో దొరకదు. అంత సన్నటి దుమ్మూ ఇంకెక్కడా ఉండదు. ట్రాన్స్‌మిటర్ స్టీరింగు చక్రం కింద, ట్రిగ్గర్ కింద పాతకాలపు పద్ధతిలో పొటెన్షియోమీటర్ ఉంటుంది. కార్బన్ పట్టీ మీద లోహపు ముల్లు రాసుకుంటూ తిరుగుతుంది. దుమ్ము లోపలికి చేరితే పట్టీ గీసుకుపోతుంది, చక్రం కదపకపోయినా స్టీరింగు వణుకుతుంది. దీనికి బదులు హాల్ సెన్సర్ ఉన్న రకంలో అయస్కాంతం తిరుగుతుంది, దాని పక్కనున్న చిప్ దూరం నుంచే కొలుస్తుంది, ఏదీ దేన్నీ రాసుకోదు. మధ్య ధరలో రెండు ట్రాన్స్‌మిటర్లు మిగతా అన్నిట్లో సమానంగా కనిపిస్తే హాల్ సెన్సర్ ఉన్నదాన్నే తీసుకోవాలి. ఛానెళ్లు ఆరున్నాయా పదహారున్నాయా అన్నదానికంటే మన దుమ్ములో ఇది పది రెట్లు విలువైనది.

రెండోది ఎండ. ఈ ప్రాంతంలో మే నెలలో 45 డిగ్రీలు చూస్తుంటాం. రంగుల తాకుతెర నీడలో ముచ్చటగా ఉంటుంది, మిట్టమధ్యాహ్నం కట్ట మీద దానిలో మన ముఖం తప్ప ఏమీ కనబడదు. నలుపు తెలుపు ఎల్‌సీడీ తెర వెలుతురు పెరిగేకొద్దీ స్పష్టమవుతుంది. లోపలే బిగించిన లిథియం బ్యాటరీ ఉన్న ట్రాన్స్‌మిటర్‌ను ఎండలో నిలిపిన కారులోనో బండి డిక్కీలోనో వదిలితే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది, పోయాక అదే కొలతది దొరకడం కష్టం. నాలుగు ఏఏ సెల్స్‌తో నడిచేది బరువుగా, పాతగా అనిపించవచ్చు. కానీ ఏఏ సెల్స్ నిజాంసాగర్ కిరాణా కొట్టులో కూడా దొరుకుతాయి. 18650 అనే లిథియం సెల్స్‌ను విప్పి మార్చుకునే వీలున్నది మధ్యే మార్గం, నాకు నచ్చేది అదే.

దూరం గురించి డబ్బా మీద రాసే అంకెల మాట విడిగా చెప్పాలి, ఎందుకంటే కొనేవాళ్లను ఎక్కువగా దారి తప్పించేవి అవే. 400 మీటర్లు, 600 మీటర్లు అని రాస్తారు. పదో వంతు సైజు కారు పొడవు అర మీటరు లోపే. అది 100 మీటర్లు పోయేసరికి దాని ముఖం మన వైపుందో అవతలి వైపుందో కంటికి అందదు, ఎడమకు తిప్పితే కుడికి పోతుంది. 600 మీటర్ల దూరంలో దాన్ని నడపగల మనిషి లేడు. అయితే ఆ అంకెకు విలువే లేదని కాదు. గాలిలో ఎత్తున ఉన్న విమానానికి సంకేతం బలం దూరం రెట్టింపైతే నాలుగో వంతు అవుతుంది. కారు యాంటెన్నా నేలకు జానెడు ఎత్తులో కూడా ఉండదు. నేల మీద పడి లేచిన తరంగం నేరుగా వచ్చే తరంగాన్ని దెబ్బతీస్తుంది, కాస్త దూరం దాటాక దూరం రెట్టింపైతే బలం పదహారో వంతుకు పడిపోతుంది. తడి నేల, వరి మళ్లు, నీటి అంచున పెరిగిన గడ్డి ఇంకొంత మింగేస్తాయి. మట్టికట్ట వాలు అవతలికి కారు దిగితే మధ్యలో అడ్డుపడేది వేల టన్నుల మట్టి. అందుకే డబ్బా మీది దూరాన్ని చేరవలసిన గమ్యంగా చూడకుండా, 80, 100 మీటర్ల దగ్గర చేతిలో ఉండే మిగులు బలంగా చూడాలి.

ఆ మిగులు బలంలో సగం మన చేతుల్లోనే ఉంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు, అందులో నాలుగో వంతు 31 మిల్లీమీటర్లు. రిసీవర్ తీగ చివర పైతొడుగు తీసి ఉన్న ఆ 31 మిల్లీమీటర్ల ముక్కే అసలు యాంటెన్నా. దాన్ని ప్లాస్టిక్ గొట్టంలో నిటారుగా నిలబెడితే నేల దెబ్బ తగ్గుతుంది. చాలామంది అది కనిపించడం బాగోలేదని చుట్టచుట్టి బ్యాటరీ పక్కన, కార్బన్ ఫైబర్ పలక కింద దూర్చేస్తారు. ఇరవై వేల రేడియోను రెండు వేల రేడియో చేసే పని అది.

ఇక నేను అన్నింటికన్నా ముందు పెట్టే విషయం ఫెయిల్‌సేఫ్. సంకేతం తెగితే రిసీవరు ఏం చేయాలన్న ముందస్తు ఆజ్ఞ అది. కొన్ని చవక రిసీవర్లు చివరి ఆజ్ఞనే పట్టుకుని ఉంటాయి: ట్రిగ్గర్ పూర్తిగా నొక్కిన క్షణంలో సంకేతం పోతే కారు పూర్తి వేగంతోనే పోతుంది. ఎనిమిదో వంతు సైజు కారు నాలుగు కిలోల దాకా తూగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో దాని శక్తి, గంటకు 140 కిలోమీటర్లతో వేసిన క్రికెట్ బంతి శక్తికి నాలుగు రెట్లకు పైనే. వానాకాలం గేట్లు ఎత్తిన రోజుల్లో కట్ట మీద చంటిపిల్లలతో వచ్చే సందర్శకుల మధ్య అలాంటి కారు నడపడమే తప్పు. ఖాళీ నేలలో నడిపినా, పశువులు కాసేవాళ్లో చేపలు పట్టేవాళ్లో ఎక్కడి నుంచైనా వస్తారు. ఫెయిల్‌సేఫ్‌లో వేగాన్ని సున్నాకు, వీలైతే కొంచెం బ్రేకుకు పెట్టుకునే వీలుండాలి. కొన్న రోజే చక్రాలు నేలకు తగలకుండా కారును దిమ్మె మీద ఎత్తి, ట్రిగ్గర్ కొద్దిగా నొక్కి, ట్రాన్స్‌మిటర్ ఆపి చూడాలి. చక్రాలు వెంటనే ఆగకపోతే ఆ జతను నేల మీద దించకూడదు. కాలేజీ ఉత్సవాల్లో రోబో పోటీలు పెట్టేవాళ్లు రంగంలోకి దింపే ముందు ఇదే పరీక్ష చేయిస్తారు. ఇంధనంతో నడిచే నైట్రో కార్లకు ఇది మరీ ముఖ్యం, వాటిలో రిసీవర్ బ్యాటరీ అయిపోతే ఫెయిల్‌సేఫ్ కూడా పనిచేయదు, కాబట్టి బ్యాటరీ వోల్టేజీ తగ్గుతుండగానే బ్రేకు వేసే రిసీవర్ చూసుకోవాలి.

కారు ఉన్నట్టుండి చచ్చుబడి మళ్లీ లేస్తే అందరూ రేడియోను తిడతారు. చాలాసార్లు తప్పు రేడియోది కాదు. రిసీవరుకూ సర్వోకూ విద్యుత్తు ఇచ్చేది ఈఎస్‌సీలోని చిన్న బీఈసీ సర్క్యూటు. బలమైన సర్వో ఒక్కసారిగా తిరిగినప్పుడు ఎక్కువ కరెంటు లాగుతుంది, వోల్టేజీ క్షణకాలం పడిపోతుంది, రిసీవరు ఆరి మళ్లీ వెలుగుతుంది. రిసీవరులో ఖాళీగా ఉన్న గాడిలో కెపాసిటర్ గుచ్చితే, లేదా విడిగా బీఈసీ పెడితే కొన్ని వందల రూపాయల్లో తీరే సమస్య ఇది. దీని కోసం కొత్త ట్రాన్స్‌మిటర్ కొన్నవాళ్లకు కొత్తదానితోనూ అదే జరుగుతుంది. టెలిమెట్రీ ఉన్న రేడియో అసలు ఉపయోగం ఇక్కడే: రిసీవర్ వోల్టేజీ ఎంతకు పడిందో చేతిలోనే చూపిస్తుంది.

స్పందన వేగం పందెగాళ్ల మాట. గంటకు 60 కిలోమీటర్ల కారు 20 మిల్లీసెకన్లలో 33 సెంటీమీటర్లు పోతుంది, 4 మిల్లీసెకన్లలో 7 సెంటీమీటర్లు. పక్కా ట్రాకు మీద ఆ తేడా మలుపులో తెలుస్తుంది. మనిషి కన్ను చూసి వేలు కదలడానికే 200 మిల్లీసెకన్లు పట్టే చోట, ఒండ్రు నేల మీద జారుతూ పోయే బగ్గీకి అది పెద్ద లెక్క కాదు. ఒక హెచ్చరిక మాత్రం అందరికీ వర్తిస్తుంది. ఫుటాబా ఎస్ఆర్, సాన్వా ఎస్‌ఎస్‌ఆర్ లాంటి అతివేగ విధానాలు వాటికి తగిన డిజిటల్ సర్వోలకు మాత్రమే. అనలాగ్ సర్వోకు ఆ విధానం పెడితే నిమిషాల్లో వేడెక్కి కాలిపోతుంది.

ఇక సర్దుబాట్లు. ఎండ్ పాయింట్, సబ్ ట్రిమ్, డ్యూయల్ రేట్, ఎక్స్‌పో, బ్రేకు బలం, మోడల్ మెమరీ ఈ ధరలో ఏదైనా ఇస్తుంది. ఎడమచేతి వాటం వాళ్లు చక్రాన్ని అవతలి వైపుకు మార్చుకునే వీలుందో లేదో చూసుకోవాలి. రాళ్లెక్కే క్రాలర్ వాళ్లకు రెండు గేర్లకు, డిఫరెన్షియల్ లాకులకు స్విచ్చులు కావాలి, వాళ్లకే ఐదారు ఛానెళ్లు నిజంగా అవసరం. మిగతా వాళ్లకు మూడు చాలు, నాలుగు ఎక్కువ.

ఈ గీటురాళ్ల మీద కంపెనీలను పెట్టి చూద్దాం. రేడియోలింక్ ఆర్‌సీ4జీఎస్, ఆర్‌సీ6జీఎస్ మన శ్రేణి అడుగున ఉంటాయి. గైరో ఉన్న రిసీవరు డబ్బాలోనే వస్తుంది, జారే నేల మీద కారు తోక ఊగకుండా అది ఆపుతుంది. ఏఏ సెల్స్‌తోనూ చిన్న లైపో బ్యాటరీతోనూ నడుస్తాయి. పదేళ్లు దాటిన పిల్లవాడికి మొదటి సరైన రేడియోగా వీటిని నిస్సంకోచంగా ఇవ్వొచ్చు. దీనికంటే చవకగా డంబోఆర్‌సీ ఎక్స్6 ఉంది, పని చేస్తుంది, కానీ చక్రం పట్టులో, ట్రిగ్గర్ స్ప్రింగులో ఆ చవకదనం తెలుస్తుంది.

ఫ్లైస్కైది పెద్ద వంశం. దాని పాత జీటీ3బీ ఒకప్పుడు ప్రపంచమంతటా చవకగా మంచిదనిపించుకున్న రేడియో. స్వచ్ఛందంగా దానికి కొత్త ఫర్మ్‌వేర్ రాసి పంచినవాళ్లు కూడా ఉన్నారు. తర్వాత వచ్చిన జీటీ5 ఆరు ఛానెళ్లది, నాలుగు ఏఏ సెల్స్, నలుపు తెలుపు తెర, గైరో రిసీవరు బీఎస్6. పాతబడింది, అయినా పల్లె వాడకానికి సరిగ్గా సరిపోతుంది. నోబుల్ ఎన్‌బీ4 దాని పై మెట్టు: రంగుల తాకుతెర, లోపలే లిథియం బ్యాటరీ, ఏఎఫ్‌హెచ్‌డీఎస్ మూడో తరం విధానం. చేతిలో కూర్చునే తీరులో, స్పందనలో రెట్టింపు ధర రేడియోలతో పోటీ పడుతుంది. ఎండలో తెర, వేడిలో బ్యాటరీ దాని బలహీనతలు. జీటీ5 రిసీవర్లు దీనికి పనికిరావు, కంపెనీ ఒకటే అయినా భాష మారింది.

ఫుటాబా 4పీఎమ్, సాన్వా ఎంటీ వరస జపాన్ పనితనానికి నిదర్శనాలు. పదేళ్లు వాడినా చక్రం మధ్యబిందువు కదలదని వాటికి పేరు. 4పీఎమ్ ఏఏ సెల్స్‌తో నడవడం మనకు కలిసొచ్చే గుణం. వీటితో చిక్కంతా రిసీవర్ల దగ్గర. ఫ్లైస్కై, ఎక్స్‌ప్రెస్‌ఎల్‌ఆర్‌ఎస్ రిసీవరు 20 డాలర్లకు అటూ ఇటూ వస్తే, వీటిది 80 నుంచి 100 డాలర్ల దాకా పోతుంది. నాలుగు కార్లున్న మనిషికి ఒక చోట 80 డాలర్ల ఖర్చు, ఇంకో చోట దాదాపు 360. పైన సుంకాలు, రవాణా వేరే. ఒకే కారుతో పందేలకు పోయేవాడికి ఆ ఖర్చు తగినదే. నాలుగు రకాల కార్లు పెట్టుకుని ఆదివారం ఒండ్రులో ఆడుకునేవాడికి తగదు. స్పెక్ట్రమ్ డీఎక్స్3, డీఎక్స్5సీ మంచివే. మీ కారు స్పెక్ట్రమ్ రిసీవర్‌తోనే వచ్చి ఉంటే వాటిని చూడండి, లేకపోతే మన దగ్గర ఆ కుటుంబంలో కొత్తగా చేరడానికి కారణం కనబడదు.

2023లో వచ్చిన రేడియోమాస్టర్ ఎంటీ12 ఈ మొత్తం శ్రేణి లెక్కనే మార్చింది. 100 డాలర్ల ప్రాంతంలో హాల్ సెన్సర్లు, చక్రం వైపు మార్చుకునే వీలు, మార్చుకోదగిన 18650 సెల్స్, ఎండలో కనబడే నలుపు తెలుపు తెర, 16 ఛానెళ్లు. దీన్ని రెండు రకాలుగా అమ్ముతారు. ఒకటి ఎక్స్‌ప్రెస్‌ఎల్‌ఆర్‌ఎస్ 2.4 రకం, సంకేతం పట్టులో ఈ ధరలో దానికి సాటి లేదు. రెండోది ఫోర్-ఇన్-వన్ రకం: నాలుగు వేర్వేరు రేడియో చిప్పులుండి ఫ్లైస్కై ఏఎఫ్‌హెచ్‌డీఎస్ 2ఏ, స్పెక్ట్రమ్ డీఎస్‌ఎమ్, ఫుటాబా ఎస్-ఎఫ్‌హెచ్‌ఎస్‌ఎస్ లాంటి ఎన్నో భాషలు మాట్లాడుతుంది. ఇంట్లో ఇప్పటికే రకరకాల రిసీవర్లు ఉన్న కార్లు పోగుపడి ఉంటే ఒక్క ట్రాన్స్‌మిటర్‌తో అన్నింటినీ నడపొచ్చు. లోపలి ఎడ్జ్‌టీఎక్స్ సాఫ్ట్‌వేర్ అందరి ఉమ్మడి ఆస్తి, ఎవరైనా బాగుచేయొచ్చు, కంపెనీ వదిలేసినా అది బతుకుతుంది. దాని హెచ్చరికల గొంతు మెమరీ కార్డులోని శబ్ద ఫైళ్లే కాబట్టి వాటి స్థానంలో మన గొంతుతో "బ్యాటరీ అయిపోతోంది, వెనక్కి తెచ్చేయ్" అని తెలుగులో రికార్డు చేసి పెట్టుకోవచ్చు. ఇంగ్లిషు మెనూలు చదవలేని పిల్లవాడికి ఇది చిన్న సౌకర్యం కాదు. ఇబ్బందీ ఉంది: ఎడ్జ్‌టీఎక్స్ అమరికలు మొదట గందరగోళంగా ఉంటాయి, కొన్న సాయంత్రమే కారు పరుగెత్తాలనుకునేవాళ్లకు విసుగు పుట్టిస్తాయి. ఓపికగా ఒక ఆదివారం కూర్చోవాలి, లేదా తెలిసినవాళ్ల పక్కన కూర్చోవాలి.

కర్రలున్న ట్రాన్స్‌మిటర్ల మాట కూడా చెప్పాలి. ఇంజనీరింగ్ కాలేజీల రోబో క్లబ్బుల్లో ఎక్కువగా కనిపించేది ఫ్లైస్కై ఎఫ్‌ఎస్-ఐ6. నాలుగు ఏఏ సెల్స్, ఆరు ఛానెళ్లు, మన దేశంలో తేలిగ్గా దొరుకుతుంది, చక్రం, ట్రిగ్గర్ ఉన్న పిస్తోలు రకం కంటే చవక. దీనితో కారు నడపొచ్చు. ఎడమ కర్ర దానంతట అది మధ్యకు రాదు కాబట్టి వేగాన్ని దానికి కట్టకూడదు, స్టీరింగు, వేగం రెండూ కుడి కర్రకే కట్టాలి. నిజాంసాగర్ నవోదయ లాంటి బడుల్లో చదివే పిల్లలు సొంతంగా కారు కట్టుకోవాలంటే, హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ నుంచి తెచ్చిన విడిభాగాలతో పాటు ఇలాంటిదొకటి చాలు. పిస్తోలు తర్వాత కొనుక్కోవచ్చు.

సెకండ్ హ్యాండులో జపాన్ రేడియోలు ఆశపెట్టే ధరకు వస్తాయి. కొనే ముందు ఆ మోడల్ రిసీవరు ఇంకా తయారవుతోందో లేదో చూడండి. డబ్బాలో ఒక్క రిసీవరే ఉండి, కొత్తవి ఆగిపోయి ఉంటే ఎంత చవకైనా వద్దు.

నా ఓటు ఇలా పడుతుంది. రెండుకు మించి కార్లుండి, అమరికలకు ఓపిక ఉన్నవాళ్లకు ఎంటీ12 ఎక్స్‌ప్రెస్‌ఎల్‌ఆర్‌ఎస్ 2.4. పాత రిసీవర్లున్న కార్లు ఇంటినిండా ఉంటే దాని ఫోర్-ఇన్-వన్ రకం. పెట్టె విప్పగానే నడవాలంటే జీటీ5, పిల్లలకైతే ఆర్‌సీ6జీఎస్. నీడలో, పక్కా ట్రాకు మీద ఎక్కువగా నడిపేవాళ్లు ఎన్‌బీ4 తీసుకోవచ్చు. పందెమే ప్రాణమైన వాళ్లకు 4పీఎమ్. వీటిలో ఏది తీసుకున్నా అదే ఆర్డరులో రెండో రిసీవరు ఒకటి తెప్పించి ఇంట్లో పెట్టుకోండి. నీళ్లలో మునిగేదీ, రాయికి తగిలి పగిలేదీ ఎప్పుడూ రిసీవరే. అది పోయిన రోజున బాన్సువాడలో దొరకదు.